రోడ్డు, డ్రైనేజీ తవ్వకాలకు ముందు పురావస్తు సర్వే: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

వీధిలోకి జేసీబీ దిగిందంటే మనకు ముందు టెన్షన్ నల్లా పైపు గురించి, తర్వాత ట్రాఫిక్ గురించి. తవ్విపోసిన మట్టికుప్పలో ఏముందో చూసేవాళ్లు దాదాపు ఉండరు, రెండు రోజుల్లో టిప్పర్ వచ్చి ఎత్తుకుపోతుంది. ఆ మట్టి పోకముందే, వీలైతే అసలు తవ్వకముందే, ఒక్కసారి చూడాలని అడగడానికే ఇది రాస్తున్నాను. కాలనీ సంఘాలవాళ్లు, సైట్ ఇంజనీర్లు, చరిత్ర చదువుకునే పిల్లలు సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇవి.

పురావస్తు సర్వే అంటే తవ్వకాలేనా?

కాదు. సర్వేలో ఎక్కువ భాగం గడ్డపార ముట్టుకోకుండానే జరుగుతుంది. పాత మ్యాపులు చూడటం, వేయబోయే రోడ్డు లేదా డ్రైనేజీ లైన్ వెళ్లే దారంతా నడవడం, అక్కడి పెద్దవాళ్లతో మాట్లాడటం, నేల మీద కనిపించే కుండ పెంకులు, పాత ఇటుకలు, రాతి కట్టడాల ఆనవాళ్లు నమోదు చేయడం, ఇదే ముఖ్యమైన పని. అనుమానం ఉన్నచోట మాత్రమే చిన్న పరీక్ష గుంత తీస్తారు. రోడ్డు పనికి ముందు చేసే సర్వే ఉద్దేశం నిధులు వెతకడం కాదు, ఈ దారిలో ఏముండొచ్చో ముందే తెలుసుకుని డిజైన్ అందుకు తగ్గట్టు మార్చుకోవడం.

హైదరాబాద్ వయసే 430 ఏళ్లు కదా, అంత పాతది ఏముంటుంది?

చార్మినార్ కట్టింది 1591లో, నిజమే. కానీ మనుషులు ఇక్కడ అప్పుడే వచ్చి దిగలేదు. దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో మూసీ ఒడ్డు గుట్ట మీద విష్ణుకుండిన రాజుల కాలపు ప్రాకృత శాసనం ఉంది, అందులో గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం ప్రస్తావన ఉంది. అంటే పదిహేను వందల ఏళ్ల మాట. అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి నడిచి వెళ్లి చూడగలిగే శాసనం అది, చూడనివాళ్లు తప్పకుండా వెళ్లి చూడండి. కీసరగుట్టలో అదే కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఇంకా వెనక్కి వెళ్తే మౌలాలీ, హస్మత్‌పేట, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణ, వీటన్నిటిలో ఇనుప యుగపు ఆనవాళ్లున్నాయి. ఊళ్లలో రాకాసి గుళ్లు అంటారే, ఆ బండరాళ్ల సమాధులు. ఇ.హెచ్. హంట్ అనే ఆయన 1920ల్లోనే హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి సమాధుల గురించి రాశాడు. అప్పుడు ఊరి బయట ఉన్న రాళ్లగుట్టలు ఇప్పుడు మన కాలనీల మధ్యకొచ్చాయి. చాలాచోట్ల ఆ రాళ్లు పునాదుల్లోకి వెళ్లిపోయాయి.

ఇక కుతుబ్‌షాహీల కాలానికొస్తే గోల్కొండ నుంచి పాతబస్తీ దాకా, షేక్‌పేట సరాయి దాకా, నేల కింద ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. మట్టి గొట్టాల నీటి లైన్లు, కాలువలు, డంగుసున్నం గచ్చు, తోటల హద్దు గోడలు. గోల్కొండ నయాఖిలాలో కేంద్ర పురావస్తు శాఖ 2014లో తవ్వితే పాత తోటల నీటి కాలువలు, దారులు బయటపడ్డాయి. పైనుంచి చూస్తే అది మామూలు ఖాళీ నేలే.

ఇప్పటికే పదిసార్లు తవ్విన రోడ్డు కింద ఇంకేం మిగిలి ఉంటుంది?

కొన్నిచోట్ల నిజంగానే ఏమీ మిగలదు. కేబుల్, నల్లా పైపు, ఇంకో కేబుల్ అంటూ తవ్వి మట్టినంతా కలగాపులగం చేసి ఉంటారు. కానీ ఈ తవ్వకాలు ఎక్కువగా పైపైనే జరుగుతాయి. వరద నీటి బాక్స్ డ్రైన్ గానీ పెద్ద మురుగు లైన్ గానీ వేసినప్పుడు చాలా లోతుకు పోతాం, వెడల్పూ ఎక్కువే. ఇంతవరకూ ఎవరూ తాకని మట్టి తగిలేది అక్కడే. ఇంకో సంగతి, రోడ్డు కిందున్నది ఇంటి కిందున్న దానికంటే భద్రంగా ఉంటుంది, ఎందుకంటే రోడ్డు మీద సెల్లార్లు తవ్వరు.

చట్టం ప్రకారం సర్వే తప్పనిసరా?

నగరంలో మామూలు రోడ్డుకో డ్రైనేజీకో ముందు పురావస్తు సర్వే చేసి తీరాలని విడిగా నియమం లేదు. ఉన్న రక్షణంతా గుర్తింపు పొందిన కట్టడాల చుట్టూనే తిరుగుతుంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇది 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ. మన నగరంలో చార్మినార్, గోల్కొండ దీని కిందకొస్తాయి. నిషిద్ధ ప్రాంతంలో కొత్త నిర్మాణం చేస్తే రెండేళ్ల వరకూ జైలు, లక్ష రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. నియంత్రిత ప్రాంతంలోకి పెద్ద ప్రాజెక్టులు వస్తే వాటి ప్రభావాన్ని పరిశీలించి సిఫార్సు చేయాల్సింది జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ.

పర్యావరణ అనుమతి అవసరమయ్యే పెద్ద హైవేలకు 2006 నోటిఫికేషన్ ప్రకారం నింపే ఫారంలో సాంస్కృతిక విలువ ఉన్న రక్షిత ప్రాంతాల వివరాలు రాయాలి. కాలనీ రోడ్డు, నాలా విస్తరణ దాని కిందకు రావు.

డ్రైనేజీ పనులకు మినహాయింపు ఉందంటారు, నిజమేనా?

నిజమే, ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. ఆ సవరణలో నిర్మాణం అంటే ఏంటో చెప్పిన నిర్వచనం ఉంది. మురుగు కాలువలు కట్టడం, బాగుచేయడం, శుభ్రం చేయడం, ప్రజలకు నీళ్లు, కరెంటు ఇవ్వడానికి చేసే పనులు ఆ నిర్వచనంలోకి రావని స్పష్టంగా రాశారు. ఎందుకలా రాశారో అర్థం చేసుకోవచ్చు, చార్మినార్ పక్కన ఉండేవాళ్లకు మాత్రం డ్రైనేజీ వద్దా మరి? కానీ ఫలితం చూడండి. నిషిద్ధ ప్రాంతంలో ఇంటి మీద ఒక అంతస్తు వేయకూడదు, అదే వీధిలో నిలువెత్తు లోతు కాలువ తవ్వితే ఆ నిషేధం వర్తించదు. నేల కిందున్న వాటికి ఎక్కువ నష్టం చేసేది ఆ రెండో పనే. రక్షిత ప్రాంతం హద్దు లోపల తవ్వాలంటే మాత్రం అనుమతి కావాల్సిందే. దాని బయట అంతా ఇంజనీర్ చేతిలో, కాంట్రాక్ట్‌లో రాసుకున్న షరతుల చేతిలో ఉంది. అందుకే చట్టం అడగకపోయినా సర్వే చేయమని అడుగుతున్నాను.

రాష్ట్ర చట్టం, హెరిటేజ్ లిస్ట్ ఉన్నాయి కదా?

ఉన్నాయి. నగరంలో చాలాకాలం పాటు నగర జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద హెరిటేజ్ భవనాల జాబితా నడిచింది, 2015లో దాన్ని తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఇర్రమ్ మంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసిందని గుర్తుండే ఉంటుంది. కానీ ఇవి ఎక్కువగా ఇప్పటికే గుర్తించిన భవనాలు, చోట్ల గురించి. మట్టి కింద ఉన్నదాన్ని ముందుగా ఏ జాబితాలోనూ ఎక్కించలేం, అది ఉందని తెలియాలంటే ఎవరో ఒకరు వెతకాలి.

సర్వే ఎలా చేస్తారు?

మొదటి పని కాగితాల మీద. హైదరాబాద్‌కు ఇందులో గొప్ప అదృష్టం ఉంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తర్వాత 1910ల్లో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని సందు సందుగా కొలిచి మ్యాపులు గీశారు. ఇళ్లు, గోడలు, బావులు, నీటి దారులు అన్నీ వాటిలో కనిపిస్తాయి. వాటిని ఇప్పటి గూగుల్ మ్యాప్ మీద పరిచి, వేయబోయే లైన్‌ను దాని మీద గీస్తే సగం సంగతి కూర్చున్నచోటే తెలుస్తుంది: ఇక్కడ బావి ఉండేది, ఇక్కడ కుంట తూము, ఇక్కడ సమాధుల తోట. శివార్లకైతే 1960ల నాటి అమెరికా నిఘా ఉపగ్రహ ఫొటోలు పనికొస్తాయి, 1995లో వాటిని బయటపెట్టారు. గచ్చిబౌలి, కోకాపేట వైపు భవనాలు రాకముందు ఏ గుట్ట ఎక్కడుందో, ఏ చెరువు ఎంత మేర ఉందో వాటిలో దొరుకుతుంది. వీటికి తోడు పురావస్తు శాఖ పాత నివేదికలు. నిజాం పాలనలో 1914లోనే గులాం యజ్దానీ మొదటి డైరెక్టర్‌గా ఈ శాఖ మొదలైంది, కాబట్టి నూరేళ్లకు పైబడిన రికార్డు ఉంది.

రెండోది నడక. లైన్ పొడవునా ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే నడుస్తూ నేలను గమనిస్తారు. నలుపు ఎరుపు కలిసిన కుండ పెంకు కనిపిస్తే ఒక కాలానికి గుర్తు, నీలం తెలుపు పింగాణీ ముక్క కనిపిస్తే ఇంకో కాలానికి గుర్తు. ఖాళీ ప్లాట్ల అంచులు, పాత సెల్లార్ గుంతల గోడలు, నాలా ఒడ్డు కోసుకుపోయినచోట్లు బాగా చూడాలి, ఎందుకంటే మట్టి పొరలు అక్కడ తవ్వకుండానే కనిపిస్తాయి. ఆ వీధిలో డెబ్భై, ఎనభై ఏళ్ల పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో ఒక గంట కూర్చోవాలి. పూడ్చేసిన బావి ఎక్కడో వాళ్లు చెప్పినంత కచ్చితంగా ఏ యంత్రం చెప్పదు.

మూడోది పరీక్ష గుంతలు, అవసరమైనచోటే. నాలుగోది పని జరుగుతున్నప్పుడు పక్కన ఒక పురావస్తు నిపుణుడు నిలబడి చూడటం. అనుమానం ఉన్న జాగాలో జేసీబీకి పళ్ల బకెట్ తీసేసి చదును బకెట్ తగిలిస్తారు, మట్టిని పొర పొరగా గీస్తారు. గోడ గానీ బూడిద పొర గానీ కనిపించగానే యంత్రం ఆపి చేతిపనిముట్లతో శుభ్రం చేసి, కొలతలు, ఫొటోలు, డ్రాయింగ్ తీసుకుంటారు.

రాడార్‌తో స్కాన్ చేస్తే సరిపోదా?

పనికొస్తుంది గానీ ఒక్కదాని మీద ఆధారపడలేం. భూమిలోకి తరంగాలు పంపే రాడార్‌కు మొరం నేల ఫర్వాలేదు, తడి నల్లరేగడిలో మాత్రం తరంగం కొద్ది లోతులోనే చచ్చిపోతుంది. పైగా మన రోడ్ల కింద ఇన్ని పైపులు, కేబుళ్లు ఉన్నాయి కాబట్టి తెర మీద గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. అయినా ఎక్కడెక్కడ లైన్లు ఉన్నాయో తెలుసుకోవడానికి ఆ స్కానింగ్ ఇంజనీర్లకు ఎలాగూ కావాలి. అదే డేటాను పురావస్తు నిపుణుడికి కూడా ఒకసారి చూపించమని అడగడం పెద్ద కోరిక కాదు.

ఎవరు చేయాలి? ఎవరైనా చేయొచ్చా?

నడిచి చూడటం, మ్యాపులు పరిశీలించడం ఎవరైనా శిక్షణ ఉన్నవాళ్లు చేయొచ్చు. తవ్వకం మాత్రం అనుమతి లేకుండా చేయకూడదు. రాష్ట్రంలో హెరిటేజ్ శాఖ, కేంద్రం తరఫున పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్ ఉన్నాయి. ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. శాఖల్లో మనుషులు తక్కువ, అందుకే యూనివర్సిటీ పిల్లలను ఇలాంటి పనుల్లోకి తేవాలని నా గట్టి అభిప్రాయం. నగరంలో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట కాలువ తవ్వుతూనే ఉంటారు, వాళ్లకు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

పని నెలల తరబడి ఆగిపోతుందేమో?

ముందే చేస్తే ఆగదు. డీపీఆర్ (పని పూర్తి వివరాలుండే ప్రాజెక్టు నివేదిక) తయారవుతున్న టైమ్‌లోనే, మట్టి పరీక్షలు, లెవెల్ సర్వే జరుగుతున్నప్పుడే ఇదీ చేసుకుంటే అదనంగా పోయే సమయం దాదాపు ఉండదు. పని మధ్యలో అనుకోకుండా ఏదైనా బయటపడితేనే ఆగుతుంది. గ్రీస్‌లో థెస్సలొనీకీ మెట్రో 2006లో మొదలై 2024లో గానీ నడవలేదు. డబ్బు ఇబ్బందులూ ఉన్నాయి, కానీ స్టేషన్ గుంతల్లో పాత నగరం వీధులే బయటపడటం పెద్ద కారణం. లండన్ ఎలిజబెత్ లైన్ రైలు మార్గం తవ్వకాల్లోనూ పదివేలకు పైగా వస్తువులు, లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర వేల అస్థిపంజరాలు దొరికాయి. అక్కడ శ్మశానం ఉందని ముందే తెలుసు కాబట్టి తవ్వే టీమ్‌ను, టైమ్‌ను షెడ్యూల్‌లోనే పెట్టుకున్నారు.

ఖర్చు ఎవరు భరించాలి?

ప్రాజెక్టే భరించాలి, డీపీఆర్‌లో ఒక లైన్‌గా. కాంట్రాక్టర్ మీద వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, దొరికింది దొరికినట్టు రాత్రికి రాత్రి పూడ్చేస్తారు. కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిడిక్ తయారుచేసిన నమూనా ఒప్పందాల 1999 కూర్పులో 4.24 క్లాజ్ ఇందుకే ఉంది. పాత వస్తువులు దొరికితే యజమాని సంస్థకు అప్పగించాలి, ఆ ఆలస్యానికి కాంట్రాక్టర్‌కు అదనపు సమయం, ఖర్చు ఇవ్వాలి. ప్రపంచ బ్యాంకు అప్పుతో చేసే పనుల్లో కూడా అనుకోకుండా ఏదైనా దొరికితే ఏం చేయాలో ముందే రాసుకోవాలని షరతు ఉంటుంది. మన మామూలు మున్సిపల్ టెండర్లలోనూ ఇంత స్పష్టంగా రాస్తే సైట్‌లో ఉన్న మనిషికి దాచాల్సిన అవసరం రాదు.

ఏదైనా దొరికితే రోడ్డు రద్దవుతుందా?

చాలా అరుదు. ఎక్కువగా జరిగేది పూర్తిగా నమోదు చేసి, తీయగలిగినవి తీసి, పని కొనసాగించడం. రెండో దారి, లైన్‌ను రెండు మూడు మీటర్లు పక్కకు జరపడం. మూడోది, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి ఇసుక పోసి, అలాగే భద్రంగా కప్పేసి, పైన రోడ్డు వేయడం. ఎప్పుడో ఒకసారి కట్టడాన్నే తరలిస్తారు, ఇది మనవాళ్లకు కొత్తేం కాదు. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగేముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదకూ అనుపుకూ చేర్చారు. శ్రీశైలం ముంపులో పోవాల్సిన కూడలి సంగమేశ్వరాలయం ఈరోజు అలంపూర్‌లో ఉంది. అంత పెద్ద డ్యామ్‌ల దగ్గర చేయగలిగినప్పుడు ఒక బాక్స్ డ్రైన్ దగ్గర చేయలేమా?

మా ఇంటి స్థలం ప్రభుత్వం తీసుకుంటుందా?

రోడ్డు గుంతలో గోడ కనిపించినంత మాత్రాన పక్కింటి స్థలానికి ఏమీ కాదు. కేంద్రం ఒక చోటును రక్షితంగా ప్రకటించాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి. ఈ భయంతోనే చాలామంది నోరు విప్పరు, అది నాకు బాధగా ఉంటుంది.

నాణేలు, బంగారం దొరికితే ఎవరివి?

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల కంటే ఎక్కువ విలువైనది ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పినవాళ్లకు ఆ చట్టంలో హక్కులున్నాయి, దాచినవాళ్లకు వాటా పోతుంది, ఏడాది వరకూ జైలు కూడా పడొచ్చు. ఇక వందేళ్లు దాటిన విగ్రహం, నాణెం, శాసనం వంటివి 1972 చట్టం కింద పురావస్తువులు, లైసెన్స్ లేకుండా వాటి అమ్మకం వ్యాపారం చేయకూడదు. చట్టం సంగతి అటుంచితే, లైన్‌లో బంగారం దొరికే అవకాశం దాదాపు లేదు. నిజంగా విలువైనది ఏ పొరలో ఏది దొరికిందన్న సమాచారం. గుప్తనిధుల వెర్రితో రాకాసి గుళ్లను రాత్రిపూట పెకిలించేవాళ్లు నాశనం చేసేది సరిగ్గా దాన్నే.

ఎముకలు కనిపిస్తే?

పని ఆపి ముందు పోలీసులకు చెప్పాలి. పాత సమాధి అని తేలితే పురావస్తు శాఖకు, దగ్గర్లో దర్గా గానీ శ్మశానం గానీ ఉంటే ఆ పెద్దలకు కూడా చెప్పాలి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం వద్దు, అది ఎవరి ఇంటి మనిషో.

నేను సైట్‌లో పనిచేస్తాను. దేన్ని గమనించాలి?

మట్టి రంగు ఒక్కసారిగా మారడం, బూడిద, బొగ్గు, వరసగా పేర్చిన రాళ్లు, మామూలు కంటే బాగా పెద్దవో బాగా పలచనివో అయిన ఇటుకలు, గట్టి సున్నపు గచ్చు, ఒకదానిలో ఒకటి దూర్చిన మట్టి గొట్టాలు, గుండ్రంగా కట్టిన రాతి వరస అంటే దాదాపు బావే. మూసీ ఒడ్డున ఒండ్రు పొర కనిపిస్తే అది కూడా సమాచారమే, వరదల చరిత్ర అందులో ఉంటుంది. కనిపించినదాని పక్కన పెన్నో స్కేలో పెట్టి ఫొటో తీయండి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి, పైనుంచి ఎంత లోతో టేపుతో కొలవండి. కడగకండి, బయటకు లాగకండి. వాన వస్తే ప్లాస్టిక్ షీట్ కప్పండి. ఇదంతా పావుగంట పని.

ఇళ్లు మునుగుతుంటే ఈ చరిత్ర గోల అవసరమా?

2020 అక్టోబరులో నీళ్లు ఇళ్లలోకి వచ్చినవాళ్లు ఈ మాట అడిగితే తప్పు లేదు. డ్రైనేజీ కావాలి, తొందరగా కావాలి. కానీ వరద పనికీ ఈ సర్వేకీ పడదని అనుకోవడమే సరికాదు. పాత మ్యాపుల్లో పురావస్తువాళ్లు వెతికేది ఏంటి? కాలువలు, తూములు, కుంటలు, బావులు. డ్రైనేజీ ఇంజనీర్‌కు కావాల్సిందీ అదే, నీళ్లు పూర్వం ఎటు పోయేవో. 1908 తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినప్పుడు ఆయన వానలు, చెరువులు, నది మొత్తం లెక్క తీశాకే జలాశయాలు, డ్రైనేజీ గురించి చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచే వచ్చాయి. బన్సీలాల్‌పేట మెట్లబావి సంగతి చూడండి, ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు, మళ్లీ నీళ్లు ఊరాయి. అలాంటి బావి మీ లైన్ కిందే ఉంటే, దాన్ని పగలగొట్టి పైపు వేయాలా, వాననీటిని అందులోకి మళ్లించాలా అన్నది తవ్వకముందు తెలిస్తేనే కదా ఆలోచించగలిగేది.

మా కాలనీ వాళ్లం ఏం చేయగలం?

పని మంజూరైందని తెలియగానే, జేసీబీ రాకముందే, డీపీఆర్ కాపీ అడగండి. ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో మూడు విషయాలు అడిగితే చాలు: లైన్ దారిలో పాత మ్యాపులు చూశారా, 300 మీటర్లలోపు రక్షిత కట్టడం ఉందా, ఏదైనా దొరికితే ఎవరికి చెప్పాలో టెండర్‌లో రాశారా. ఈలోగా మీ వీధిలో పూడ్చేసిన బావులు, పాత గోడలు, రాళ్లగుట్టలు ఎక్కడున్నాయో పెద్దవాళ్లను అడిగి ఒక కాగితం మీద గీయండి. ఆ కాగితాన్ని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఒక కాపీ, హెరిటేజ్ శాఖకు ఒక కాపీ ఇచ్చి, రెండింటి మీదా అందినట్టు ముద్ర వేయించుకోండి.